తీసివేతకు కారణం

పూర్వం నూనె గానుగలవాళ్లకూ, నేతవాళ్లకూ, ఓడ వర్తకులకూ శ్రేణులనే సంఘాలు ఉండేవనీ, వాటి పెద్దలు గుడికి దీపం దానమిస్తే ఆ సంగతి రాతిమీద చెక్కించేవారనీ నేను రంగూన్ నగరంలో, పజుండౌంగ్‌లోని మా తెలుగువాళ్ల సంఘం గదిలో, పుస్తకాల బీరువా ముందు కూర్చుని చదువుకున్నాను. నాకు తెలుగు బడి లేదు. అక్షరాలు నాయనమ్మ బియ్యపు పళ్లెంలో దిద్దించింది. మిగతా చదువంతా ఆ బీరువా పెట్టిన భిక్షే. ఆ సంగతి చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు సరికదా, కాస్త గర్వం కూడా. అయితే ఎంత చదివినా, నేను స్వయంగా సభ్యుడిగా ఉన్న ఒకే ఒక్క శ్రేణి గురించి ఏ పుస్తకంలోనూ ఒక్క వాక్యం దొరకలేదు. దొరికే వీలూ లేదు. మా శ్రేణి ఒక కంప్యూటర్ ఆటలో ఉండేది. ఆట నడిపేవాళ్లు యంత్రాలు ఆపేసిన రోజున మా కోట, మా జెండా, మా పేర్లు అన్నీ ఒక్కసారిగా పోయాయి. ఇప్పుడది మిగిలి ఉన్నది ఆడినవాళ్ల తలల్లోనే. ఆ తలలు నెరుస్తున్నాయి. అందుకని రాస్తున్నాను.

రాయమని నన్ను పురిగొల్పినవాడు కో పైంగ్. చిమిండైంగ్ బజారులో ఎండుచేపల దుకాణం అతనిది. పేరు ముందు ‘కో’ అనేది మా ఊళ్లో ఈడువాణ్ణి మర్యాదగా పిలిచే మాట. వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో ఒక ఆదివారం కూతురు సూసూని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. ఆ పిల్ల ముఖం ముడుచుకుని కూర్చుంది. ఫోనులో ఆడే ఆటలో ఆమెకొక గిల్డు ఉందట. గిల్డంటే శ్రేణే, కలిసి ఆడే జట్టు, దానికొక నాయకుడు ఉంటాడు. వాళ్ల వార్డులో వరసగా కరెంటు లేక ఫోను చచ్చిపోయింది. మళ్లీ తెరిచి చూసేసరికి గిల్డులో ఆమె పేరు లేదు. ఎవరు తీసేశారమ్మా అని అడిగాను. “ఎవరూ తియ్యలేదు ఉలే,” అంది బర్మా మాటలో. ఉలే అంటే బాబాయి. “కొన్నాళ్లు రాకపోతే అదే తీసేస్తుంది.” మరి మీ నాయకుడు ఏం చేస్తాడని అడిగాను. “అతని పేరు పైన ఉంటుంది,” అంది.

కో పైంగ్ నా వైపు చూశాడు. నేను కిటికీ వైపు చూశాను. అలా పైన పేరుండే చోటు కోసం ఒకప్పుడు మేమిద్దరం మాట్లాడుకోవడం మానేశాం. చివరికి అది ఇద్దరికీ దక్కలేదు. ఎందుకు దక్కలేదో ఆ పిల్లకు చెబుతూ ఉండగానే వాళ్ల బస్సు వేళయింది. చెప్పకుండా మిగిలిపోయినదంతా ఇక్కడ పెడుతున్నాను.

మా నాయకురాలి పేరు నీలవేణి. ఆడవాళ్లను ‘మ’ అని మర్యాదగా పిలిచే బర్మావాళ్లకు మ నీలా, నాకు నీలక్క. తండ్రి మా తెలుగువాడు, రేవులో బస్తాలు మోసిన కుటుంబం. తల్లి బర్మా ఆవిడ. దూరవిద్యలో డిగ్రీ చదువుకుంటూ నీలక్క తన మేనమామ ఇంటర్నెట్ కొట్టు చూసుకునేది. పజుండౌంగ్‌లో వాగు వైపు దిగే వీధిలో, పాత చెక్కమేడ కింద ఉండేది ఆ కొట్టు. వాకిట్లో తడి చెప్పులు గుట్టగా పడుండేవి, లోపల వేడెక్కిన ప్లాస్టిక్ వాసన, అమ్మాయిలు చెంపలకు పూసుకున్న తనకా చెట్టు బెరడు గంధం వాసన. వాగులో పోటు తీసి నీళ్లు తగ్గినప్పుడు బురద వాసన లోపలికి వచ్చేది. మేడమీద మా ఇంట్లో నాయనమ్మ ఎండుచేపల పులుసు పెడితే ఆ వాసన మెట్లు దిగి కొట్టంతా తిరిగేది. పక్కింటి బర్మావాళ్లు రొయ్యల ముద్ద వేయిస్తే మాత్రం నాయనమ్మ ముక్కుమీద కొంగు పెట్టుకుని కిటికీ మూసేది. మా పులుసు సంగతి నేను గుర్తుచేస్తే, అది వాసన కాదనీ, అది కూర అనీ అనేది.

తెలియనివారికి ఆట గురించి కొంచెం చెప్పాలి. ఒక్కొక్కరికి ఒక్కో బొమ్మ మనిషి. కొందరు కత్తివాళ్లు, కొందరు విలుకాళ్లు, కొందరు దెబ్బలు మాన్పే పూజారులు. ఊరంతటిలో వేరువేరు కొట్లలో కూర్చున్నవాళ్లం ఒకే అడవిలో తిరిగేవాళ్లం. వారానికొకసారి, ఆదివారం మధ్యాహ్నం, గిల్డులన్నీ కోటలకోసం కొట్లాడుకునేవి. గెలిచిన గిల్డు జెండా మళ్లీ ఆదివారం దాకా కోటమీద ఎగిరేది. మా గిల్డు పేరుకు బర్మా మాటలో తెడ్డు అని అర్థం. జెండామీద తెడ్డు బొమ్మ గీసింది కో పైంగ్. అది ఎటు చూసినా గరిటెలాగే ఉండేది. ఇతర గిల్డులవాళ్లు మమ్మల్ని వంటవాళ్లని ఏడిపించేవారు. నాయకులంతా పెద్ద కత్తులు పట్టుకుని ముందుంటే, నీలక్క బొమ్మ మాత్రం తెల్లగడ్డం పూజారి. వెనక నిలబడేది. మా ఒక్కొక్కరి పేరు పక్కన ఒక ఎర్రగీత ఉంటుంది, దెబ్బ తగిలేకొద్దీ అది తరుగుతుంది. ఆమె కళ్లు ఎప్పుడూ ఆ గీతలమీదే ఉండేవి. అవతలి గిల్డులవాళ్లు చాలాకాలం ఆమెను ముసలాయన అనుకున్నారు. అన్నయ్యా అని పిలిచేవారు. ఆమె సరిదిద్దలేదు.

గిల్డు నాయకుడి పని గురించి ఈ రోజుల్లో ఎవరైనా చెబితే వ్యూహం అంటారు, క్రమశిక్షణ అంటారు. రంగూన్‌లో ఆ పని మొదలయ్యేది కరెంటుతో. ఆ రోజుల్లో కరెంటు వంతులవారీగా వచ్చేది. ఈ వార్డుకు పొద్దున, ఆ వార్డుకు సాయంత్రం, మధ్యలో చెప్పాపెట్టకుండా మార్పులు. కరెంటు రాగానే వీధి వీధంతా “మీలాబీ” అని కేక వేసేది, లైటొచ్చింది అని. నీలక్క శనివారం నుంచే వాకబు మొదలుపెట్టేది. బస్సు కండక్టర్లను అడిగేది, బజారుకొచ్చిన ఆడవాళ్లను అడిగేది, రోడ్డు పక్క బల్లమీద పెట్టి వాడుకోనిచ్చే ఫోనుతో ఇంకో కొట్టువాణ్ణి అడిగేది. చిమిండైంగ్‌లో లైటు పోయేటట్టుంటే కో పైంగ్ జట్టు ముందే బయల్దేరి పబేడాన్‌లోని కొట్టుకు చేరాలి. ఎవరి వార్డులో లైటు ముందు పోతుందో వాళ్లను కోట తలుపు దగ్గర నిలబెట్టకూడదు. లైటు పోతే బొమ్మ కొయ్యబారి నిలబడిపోయి మాయమవుతుంది, తలుపు ఖాళీ అవుతుంది. ఈ సంగతి తెలియక మాకన్నా బలమైన గిల్డులు ఓడిపోవడం నేను చూశాను. మేం కోట నిలబెట్టుకున్నది కత్తులతో కాదు, వార్డుల వాకబుతో.

ఇంకో పని క్షమాపణలు చెప్పడం. ఒకసారి కో పైంగ్ కోపంలో అవతలి గిల్డువాడి తల్లిని తిట్టాడు. మర్నాడు నీలక్క ఒంటరిగా వాళ్ల కోటలోకి వెళ్లి తన పూజారి బొమ్మను నేలమీద కూర్చోబెట్టింది. ఆదివారం కాని రోజుల్లో కోటలో కొట్టడం కుదరదు, తిట్టడం కుదురుతుంది. వాళ్లు తిట్లు అయిపోయేదాకా తిట్టారు. ఆమె లేవలేదు, బదులు రాయలేదు. అయిపోయాక మా పిల్లవాడిది తప్పని ఒక్క మాట రాసి వచ్చింది. కో పైంగ్ మండిపడుతూ కొట్టుకు వచ్చాడు, తన బదులు నువ్వెందుకు వెళ్లావని. “తిట్టు నీది. జెండా అందరిదీ,” అంది ఆమె, కీబోర్డు తుడుచుకుంటూ. ఆ తర్వాత అతను వారంపాటు రాలేదు. ఎనిమిదో నాడు ఆమె బస్సెక్కి చిమిండైంగ్ వెళ్లి, వాళ్లమ్మ దుకాణంలో ఎండుచేపలు కొని, అతన్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఆ చేపలు మా నాయనమ్మకు ఇచ్చింది.

మా నాయనమ్మ రాములమ్మ ఆమెను పరీక్ష పెట్టి మరీ ఒప్పుకుంది. నేను జూదం ఆడుతున్నానని ఎవరో చెబితే, ఓ మధ్యాహ్నం భోజనం కాగానే గొడుగు పట్టుకుని కొట్టులోకి దిగింది. నీలక్క ముక్కాలి పీట వేసి టీ తెప్పించింది. నాయనమ్మ తెరలన్నీ పరకాయించి చూసి, “ఏటి పని ఇది? ఈలందరికీ నువ్వేటవుతావు?” అని అడిగింది.

“మేస్త్రిని, అవ్వా,” అంది నీలక్క.

ఆ మాటకు నాయనమ్మ ముఖం బిగుసుకుంది. మా వంశం సముద్రం దాటింది ఒక మేస్త్రి వెనక. రేవులో కూలీల గుంపుకు మేస్త్రే పెద్ద. పని ఇప్పించేది అతనే, గంజి పోయించేది అతనే, మనిషి పోతే ఊరికి కబురంపేది అతనే. దేవుడిలాంటి మేస్త్రుల గురించీ, రక్తం తాగిన మేస్త్రుల గురించీ మా ఇంట్లో చెప్పుకోని రోజు లేదు. ఆ మాటను ఒక పిల్ల అంత తేలిగ్గా అనడం ఆమెకు నచ్చలేదు.

“మేస్త్రివైతే సెప్పు. ఆ మూలన దగ్గుతున్నోడు పొద్దున్నుంచి ఏటి తిన్నాడు?”

నీలక్క తలతిప్పి చూడలేదు. “ఏటీ తిన్లేదు. ఆలమ్మకి బాగులేదు, ఇంట్ల పొయ్యి ముట్టించలేదు. రొట్టి తెమ్మని పంపినాను, వస్తాది.”

నాయనమ్మ టీ తాగి, గొడుగు పట్టుకుని మెట్లెక్కింది. దీపాలు పెట్టే వేళకు ఇంటికి రావాలన్న షరతు తప్ప మరేమీ అనలేదు. ఆ రోజు నుంచి అన్నం దగ్గర, చేపలో ముల్లు తీసి నా కంచంలో వేస్తూ, మీ మేస్త్రమ్మ ఏటంది అని అడగడం అలవాటైంది. ఆటలో రాక్షసుల పేర్లు తెలియకపోయినా ఎవరి ఇంట్లో జ్వరమో, ఎవరికి పరీక్ష పోయిందో నాయనమ్మకు నాకన్నా బాగా తెలిసేది.

అలాంటి నీలక్కకు ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలిగా ఉద్యోగం వచ్చింది. వేసింది డెల్టాలో, పడవమీద పోవాల్సిన పల్లెకు. అక్కడ కరెంటే లేదు, ఇంటర్నెట్ మాట ఎక్కడిది. సంగతి తెలిసిన నాటి నుంచి గిల్డులో ఒకటే ప్రశ్న: ఆమె తర్వాత ఎవరు? మా ఆటలో నాయకత్వం చేతులు మారదు. గిల్డు స్థాపించిన బొమ్మే కడదాకా నాయకుడు. ఊళ్లో వాడుక ఏమిటంటే, వెళ్లిపోయే నాయకుడు తన పాస్‌వర్డు నమ్మకస్తుడికి ఇచ్చి వెళతాడు. కొత్తవాడు పాతవాడి బొమ్మలో కూర్చుని ఏలుతాడు. అందరూ అలాగే చేసేవారు. తెడ్డులో ఆ చోటుకు తగినవాళ్లం ఇద్దరమే. కో పైంగ్ కత్తిలో మేటి. నేను మాటలో, వాకబులో, కొత్తవాళ్లకు నేర్పడంలో. నీలక్క పక్కన అన్నేళ్లు కూర్చున్నవాణ్ణి, పైగా తెలుగువాణ్ణి. పాస్‌వర్డు నాకే ఇస్తుందని నాకు సందేహమే లేదు. తనకే ఇస్తుందని కో పైంగ్‌కూ సందేహం లేదు. ఇద్దరం ఎదురుపడితే పలకరించుకోవడం మానేశాం. సభ్యులు కూడా రెండు పక్కలుగా కూర్చోవడం మొదలుపెట్టారు. ఆమె పడవెక్కకముందే గిల్డు చీలేటట్టుంది.

టీకొట్లో పంచాయితీ పెట్టింది. కో పైంగ్ పాస్‌వర్డు అడిగేశాడు. ఆమె ఇవ్వనంది. తన పేరు పెట్టుకుని ఇంకొకరు మాట్లాడితే, అది ఎంత మంచి మాటైనా, వినేవాళ్లను మోసం చేసినట్టేనంది. బొమ్మలో తను లేనప్పుడు అది తనలా నిలబడకూడదంది. నేను తెలుగులో, నెమ్మదిగా, మరి నాకైనా ఇవ్వవా అన్నాను. నవ్వింది.

“ఏటి తమ్ముడా, కుర్చీ గావాలా, పని గావాలా?”

పని అన్నాను. అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు.

“పనైతే ఒకులిచ్చేదేటి? సేసుకో.”

నాకు అవమానంగా తోచింది. మూడు రోజులు కొట్టుకు వెళ్లలేదు. నాలుగో నాడు, వాకిట్లో మారిపోయిన చెప్పులు తెచ్చుకోవడానికన్నట్టు వెళ్లాను.

వానాకాలం చివర పున్నమికి తడిన్‌జుట్ పండగ. బర్మావాళ్లు ఇళ్లనిండా దీపాలు పెడతారు. చిన్నవాళ్లు పెద్దల ఎదుట మోకరిల్లి మూడుసార్లు మొక్కుతారు, ఏడాదిలో చేసిన తప్పులు మన్నించమని. దాన్ని కదో అంటారు. పెద్దవాళ్లు ఒక్కొక్కరికీ ఏదో ఒకటి కలగాలని దీవెన చెబుతారు. మా గిల్డులో అది ఆటలోకీ వచ్చింది. ఏటా పండగనాడు మా బొమ్మలన్నీ కోటలో వరసలుగా కూర్చునేవి, తలా ఒక ఆపిల్ పండు ఆమె ముందు నేలమీద పెట్టేవాళ్లం. ఒకసారి ఎవడో దారినపోయే దానయ్య వచ్చి పండ్లన్నీ ఏరుకుపోయాడు. ఆ ఏడాది పండగకు దీపాలకోసం అన్ని వార్డులకూ కరెంటు ఇచ్చారు. అందుకే నీలక్క ఆ మధ్యాహ్నాన్ని ఎంచుకుంది. మర్నాడే ఆమె పడవ. అందరినీ రమ్మంది. ముప్పై మంది దాకా కూర్చున్నాం. కదో అయింది. అప్పుడు గిల్డు రద్దు చేస్తున్నానని రాసింది.

కొట్టులో నా పక్క కుర్చీలో ఉన్న కో పైంగ్ కీబోర్డుమీంచి చేతులు తీసేశాడు. గిల్డు రద్దు కావాలంటే ముందు సభ్యులను ఒక్కొక్కరినీ తీసేయాలి. తీసేటప్పుడల్లా ‘తీసివేతకు కారణం’ అని చిన్న గడి తెరుచుకుంటుంది. నింపకపోతే ముందుకు పోనివ్వదు. అందులో రాసింది అందరికీ కనిపిస్తుంది. ఇతర గిల్డుల్లో అక్కడ దొంగ అని రాసేవారు, పనికిరానివాడు అని రాసేవారు, లేదా ఒక చుక్క పెట్టి ఊరుకునేవారు. నీలక్క అప్పటిదాకా ఎవరినీ తీసేసి ఎరగదు.

మొదట రిక్షా తొక్కే పెద్దాయన ఉ టిన్ పేరు నొక్కింది. తెరమీద వచ్చింది: తీసివేతకు కారణం, మోకాళ్ల నొప్పి తగ్గాలి. కాసేపటికి గానీ మాకు అర్థం కాలేదు. ఆమె ఆ గడిలో దీవెనలు రాస్తోంది. వైద్యం చదవాలని తిరుగుతున్న మ ఏయేకు, చదువు పూర్తయి అమ్మ దగ్గరికి చేరాలి అని. మూలన దగ్గే కో మిన్‌కు, ఇంట్లో రోజూ పొయ్యి వెలగాలి అని. ఒక్కొక్క దీవెనా కనిపించడం, ఆ మనిషి పేరు కింద తెడ్డు బొమ్మ చెరిగిపోవడం, ఆ బొమ్మ అక్కడే కూర్చుని ఉండటం. ఎవరూ లేవలేదు. కో పైంగ్ ఎప్పుడూ అందరినీ వదిలి ముందుకు ఉరికేవాడు. అతనికి, నీ వెనక ఎప్పుడూ మనుషులుండాలి అని రాసింది. అతను కుర్చీలోంచి లేచి వాకిట్లోకి వెళ్లి, గుట్టలో తన చెప్పులు వెతుకుతున్నట్టు చాలాసేపు వంగి ఉన్నాడు.

నాకు తెలుగులో రాసింది, ఇంగ్లీషు అక్షరాలతో. ఆ గిల్డు తెరమీద కనిపించిన తెలుగు వాక్యం అదొక్కటే. “అందరి పేర్లూ నీకు గుర్తుండాల.”

అప్పుడు నాకు అది చాలా చిన్న దీవెన అనిపించింది. కోట అడిగినవాడికి పేర్లిచ్చింది. తర్వాత కో పైంగ్ కత్తివాళ్లతో ఒక గిల్డు పెట్టాడు, నేను మిగతావాళ్లతో ఇంకొకటి. పైన మా పేర్లున్నాయి. మళ్లీ వానలు రాకముందే రెండూ ఎవరూ రద్దు చేయకుండానే ఖాళీ అయిపోయాయి. నీలక్క మొదట్లో సెలవులకు వచ్చేది, నాయనమ్మకు డెల్టా బియ్యం తెచ్చేది. నాయనమ్మ పోయినప్పుడు వచ్చి మూడు రోజులు ఉంది. బడులు మూతపడిన ఏడాది నుంచి ఆమె నంబరు మోగడం లేదు. ఇప్పుడు నేను పబేడాన్‌లో ఒక మందుల దుకాణంలో పనిచేస్తున్నాను. కరెంటు మళ్లీ వంతులకు దిగింది. ఫోను చేత్తో పట్టుకుంటే ఊరు ఊరంతా అందులో ఉన్నట్టే ఉంటుంది గానీ, ఇవాళ నాకు చిమిండైంగ్‌లో లైటుందో లేదో తెలియదు. తెలుసుకోవాల్సిన పనీ లేదు. ఆ పని లేకపోవడమే నాకు వెలితి. శ్రేణుల గురించి మళ్లీ చదివాను. పెద్దల దానాలు ఉన్నాయి, బిరుదులు ఉన్నాయి. ఎవరి మోకాళ్ల నొప్పి సంగతీ లేదు.

ఇది రాయడానికి సాయపడినవాళ్లకు దండాలు. కో పైంగ్‌కు, మరిచిపోయినవాటిని గుర్తుచేసినందుకూ, గుర్తున్నవాటితో తగవులాడినందుకూ. సూసూకు, అడిగినందుకు. సంఘం గది తాళం నా దగ్గరే ఉంచనిచ్చిన నరసింగరావు మాస్టారికి. తమ దీవెనలు గుర్తుచేసుకుని చెప్పిన ఉ టిన్‌కు, మ ఏయేకు, కో మిన్‌కు, కవలలు లక్ష్మికీ పార్వతికీ, టీకొట్టు కో సానుకు. ఇప్పుడు లేని మా నాయనమ్మ రాములమ్మకు. నీలక్కకు, ఎక్కడున్నా. ఇంకొకతను ఉన్నాడు. వాగు అవతల తాకేత నుంచి వచ్చేవాడు, వంతెనమీద బస్సు ఆగిపోయి ఎప్పుడూ ఆలస్యమే. ఆ మధ్యాహ్నం కూడా అందరి దీవెనలూ అయిపోయాక, అతను వచ్చి తెర ముందు కూర్చునేదాకా నీలక్క చేతులు ఒళ్లో పెట్టుకుని ఆగింది, మేమూ కదలకుండా కూర్చున్నాం. నువ్వొచ్చేదాకా ఆగేవాళ్లు నీకుండాలి అని రాసి, అతన్ని చివరగా తీసింది. దీవెన గుర్తుంది. నవ్వితే పక్కకు పోయే పన్ను గుర్తుంది. పేరు నాకూ రావడం లేదు, కో పైంగ్‌కూ రావడం లేదు. చదివినవాళ్లలో ఎవరికైనా తెలిస్తే చెప్పాలి. ఇక్కడ చోటు ఉంచాను.